తాళాల కంపెనీ అల్లుడు

ఆ ఫ్లాటు తాళం తీయడానికి అల్లుడికి ఆవలించినంత సేపు కూడా పట్టలేదు. టీవీ కింద ఉన్న వీడియో గేమ్ పెట్టెను, దాని వైర్లను, డిస్కును సంచిలో వేసుకున్నాడు. పనితనం మీద గౌరవం కొద్దీ తలుపుకి మళ్లీ తాళం వేసి మరీ మెట్లు దిగాడు.

దొంగతనం అతనికి కొత్త కాదు. మామగారి కోసం దొంగతనం చేయడమే కొత్త.

పెళ్లి మాటలప్పుడు "ఏం చేస్తుంటారు బాబూ?" అని అడిగితే, "తాళాల పనండీ" అని నోరు జారాడు. వెంటనే నాలుక కరుచుకుని, "వీడియో గేములకండీ! దొంగ కాపీలు ఆడకుండా తాళాలు వేసే కంపెనీ" అని సర్దేశాడు. ఎప్పుడో పేపర్లో చదివిన ముక్క ఆ పూటకి అక్కరకొచ్చింది. పెళ్లయిపోయింది. సంసారం చల్లగా సాగిపోతోంది. ఇంతలో మామగారు దిగారు.

ఆయన రిటైరైన హెడ్ కానిస్టేబుల్ అని పెళ్లిలోనే చెప్పారు. "నాన్నది మొదట్నించీ మఫ్టీ డ్యూటీయేనండీ. నడక చూసి దొంగని పట్టేస్తారు" అని భార్య మురిసిపోతూ చెప్పిన దగ్గర్నుంచీ అల్లుడు ఇంట్లో నడవడం తగ్గించేశాడు.

మామగారు రోజూ వాకింగ్‌కి వెళ్లి, చుట్టుపక్కల వీధులన్నీ చుట్టబెట్టి వచ్చి, "అవి తాళాలా, అగ్గిపెట్టెలా? గట్టిగా ఊదితే ఊడొచ్చేలా ఉన్నాయి!" అని విసుక్కునేవారు. నిన్న మాత్రం తిన్నగా అల్లుడి మీద పడ్డారు.

"అల్లుడుగారూ, మీరు తాళం వేసిన గేమ్ ఒకటి చూపించండి. రేపు సాయంత్రం బస్సుకి వెళ్తున్నాను. నేనొక్కణ్నే ఎక్కాలా, అమ్మాయిని కూడా ఎక్కించుకుపోవాలా అన్నది మీ చేతుల్లో ఉంది."

భార్య లేని ఇంట్లో అల్లుడు ఒక్క పూట కూడా ఉండలేడు. అందుకే ఇవాళ ఈ సంచి.

"ఆఫీసు నుంచి తెచ్చాను" అంటూ పెట్టెను టీవీకి తగిలించాడు. మామగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. వంగి చూశారు. ఎత్తి చూశారు.

తెర వెలిగింది. నెట్ కలపమంది. కలిపాడు. కొత్త అప్‌డేట్ వచ్చింది, ఆగమంది. భోజనాలయ్యాయి, కునుకు తీశారు, లేచారు. నిబంధనలు ఒప్పుకోమంది. చదవకుండానే ఒప్పుకున్నాడు. సర్వర్ బిజీగా ఉంది, కాసేపాగి రమ్మంది.

"డిస్కు దాని పొట్టలోనే ఉందిగా? ఇంకా ఎవర్ని అడుగుతోంది?" అన్నారు మామగారు.

"కంపెనీనండీ."

"ఏమని?"

"ఆడుకోనివ్వమంటారా, వద్దా అని."

మామగారికి చిర్రెత్తింది. "కొనుక్కున్నవాడు తన ఇంట్లో, తన సోఫాలో కూర్చుని ఆడుకోడానికి ఇంకొకడి కాళ్లు పట్టుకోవాలా? ఈ దిక్కుమాలిన తాళం వేసింది మీరేనా?"

"మేమేనండీ" అన్నాడు అల్లుడు తల దించుకుని. తీసిన తాళాలకి తిట్లు తిన్నాడు గానీ, వేయని తాళానికి తినడం ఇదే మొదలు.

"కొన్నవాడి ఉసురు పోసుకుంటున్నారు. దొంగకేం నష్టం చెప్పండి?"

"దొంగ కూడా చాలా బాధలు పడతాడు మామయ్యగారూ" అన్నాడు అల్లుడు, గుండె లోతుల్లోంచి.

భార్యకి మాత్రం పట్టరాని సంబరంగా ఉంది. "ఆయన చేసిన తాళం ఆయనకి తెలీదా నాన్నా? ఉండండి, పై ఇంటి పిన్నిగారినీ, ఎదురింటి అక్కయ్యనీ పిలుచుకొస్తా. నేను లేకుండా మొదలెట్టారో, ఊరుకోను!" అంటూ చెప్పులేసుకుని పరిగెత్తింది.

ఆమె అలా వెళ్లిందో లేదో, తెర మీద కొత్త మాట వెలిగింది.

"మీరు వేరే చోటు నుంచి వచ్చారు. నిజంగా యజమానేనా? యజమాని ఫోనుకి నాలుగంకెలు పంపాం. అవి కొట్టండి."

అల్లుడు తన పుట్టిన సంవత్సరం కొట్టాడు. తప్పంది. పెళ్లయిన సంవత్సరం కొట్టాడు. తప్పంది. ఇంకొక్కసారి తప్పితే పెట్టె శాశ్వతంగా మూతపడుతుందని కూడా చెప్పింది.

మెట్ల మీద ఆడవాళ్ల అడుగులు. అందరికంటే పైన భార్య గొంతు. "మా ఆయన చెయ్యి పడితే గానీ అది తెరుచుకోదు పిన్నిగారూ!"

ఇక లాభం లేదు. అల్లుడు మామగారి కాళ్ల మీద పడిపోయాడు.

"నాకు ఏ కంపెనీ లేదు మామయ్యగారూ! దొంగని. ఈ పెట్టె పొద్దున వెనక వీధి పచ్చ బిల్డింగులో, రెండో అంతస్తులోంచి ఎత్తుకొచ్చాను. నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లండి. ఆవిణ్ని మాత్రం బస్సెక్కించకండి!"

మామగారు పెట్టెను చూశారు. అల్లుణ్ని చూశారు. వెళ్లి వీధి తలుపుకి గడియ పెట్టారు. తర్వాత లోపలి గదిలోకి నడిచారు. బేడీలకే వెళ్లారనుకుని అల్లుడు రెండు చేతులూ దగ్గరగా చేర్చి ముందుకి చాపాడు.

ఆయన ఫోనుతో తిరిగొచ్చారు. స్టేషన్‌కి చేయడానికే అనుకుని గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

భార్య బయట్నించి తలుపు బాదుతోంది. "ఏవండీ! గడియెందుకు పెట్టారు?"

మామగారు అల్లుడి చెవి దగ్గరికి వంగారు.

"ఏడు, సున్నా, రెండు, తొమ్మిది. త్వరగా కొట్టవయ్యా, పొద్దున ఆ ఇంటికి నీకంటే ముందు వెళ్లింది నేనే. పెట్టె బరువుగా ఉందని వదిలేసి, ఛార్జింగులో ఉన్న ఈ ఫోనొక్కటే తెచ్చుకున్నాను!"