చెల్లెలి సాక్ష్యం

నడుములో డిస్కు జారిన నా చెల్లెలు రోజూ చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట బిగబట్టే వ్యాయామం చేసేది. ముందుకు మాత్రం వంగకూడదని ఫిజియోథెరపిస్టు చెప్పింది. నాకు ఆ చాప చూస్తేనే రోత. "అవిశ్వాసపు చాప!" అనేవాణ్ణి.

ఆదివారం నేను నడిపే ప్రార్థన కూటంలో, పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయిన స్త్రీని ప్రభువు నిలబెట్టిన బైబిలు భాగం బోధిస్తూ చెల్లెల్ని ముందుకు పిలిచాను. "ఆ నడుం బెల్టు తీసెయ్. వంగి కాలివేళ్లు ముట్టుకో!"

"వద్దన్నయ్యా, వ్యాయామంతో తగ్గుతోంది కదా."

"ఇంతమందిలో నన్ను నవ్వులపాలు చేస్తావా?"

వంగింది. అలాగే మోకాళ్ల మీద కూలబడింది. ఆరాధిస్తోందనుకుని జనం స్తోత్రాలతో హోరెత్తించారు.

లేపబోతే నా చెవిలో అంది: "అన్నయ్యా, కాలికి స్పర్శ తెలీట్లేదు. నువ్వు పాట ఎత్తుకో, లేకపోతే నీ పరువు పోతుంది."

ఎత్తుకున్నాను. థూ! ఒక్క చరణమూ వదల్లేదు.