కొత్త గ్రీజు కింద

"చప్పుడూ లేదు, గిప్పుడూ లేదమ్మా. అంతా మీ చెవుల భ్రమ," అంటూ మేస్త్రీ పికప్ బండి కింద నుంచి తల బయటికి పెట్టాడు.

"చెవులు కాదు, నా నడుము చెప్తోంది," అంది పెద్దావిడ. షెడ్డు గుమ్మంలో బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఒళ్లో సంచీ పెట్టుకుని, ఇప్పట్లో కదిలేలా లేదు. "నిలబెట్టిన బండి ఏం మాట్లాడుతుంది నాయనా? ఎక్కి నడిపి చూడు."

మేస్త్రీ డ్రైవరు వైపు చూశాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఇన్నాళ్లూ పరాయివాళ్ల బళ్లు తోలినవాడు. వచ్చినప్పటి నుంచి ఆ బండి చుట్టూ కొత్త పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

"పెద్దమ్మా, బేరం కుదిరిపోయింది. సాయంత్రం సంతకాలు. మళ్లీ ఈ పరీక్షలన్నీ ఎందుకు?" అన్నాడతను.

"సాయంత్రంలోగా తేలాలనే. రేపటి నుంచి కొండదారిలో తిరిగేది నువ్వు. పక్క సీట్లో నీ పెళ్లాం, ఇద్దరు పిల్లలు."

మేస్త్రీ లోలోపల నవ్వుకున్నాడు. పాత బండి కొనేవాళ్లు ఇంట్లోంచి ఇలాంటి గట్టి పిండాన్ని ఒకరిని వెంటబెట్టుకుని రావడం అతనికి కొత్త కాదు. బేరం ఇంకాస్త లాగడానికి రెండు వంకలు దొరికితే చాలు వాళ్లకి. సరే, ఒక చుట్టు తిప్పి పంపిద్దామనుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ పక్కన సర్దుకున్నారు.

"మొదటి గేరు వేసి క్లచ్ వదులు," అంది ఆవిడ.

బండి కదిలే ముందు కింద ఎక్కడో 'టక్' మంది.

"ఇప్పుడు రివర్సు."

మళ్లీ 'టక్'.

"రోడ్డెక్కి వేగం పెంచు. ఆ మలుపు దాటాక కాలు తియ్యి."

కాలు తీయగానే సీటు కింద సన్నగా వణుకు పుట్టింది. వేగం తగ్గాక దానంతట అదే పోయింది.

"ఏ చోట ఏమంటుందో ఇంత కచ్చితంగా ఎలా పట్టారమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"కూర్చుంటే తెలీదా?" అంది ఆవిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

షెడ్డుకి తిరిగొచ్చాక ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని జాకీలతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టి, గేరు తీసేసి, మేస్త్రీ టార్చి పట్టుకుని కిందకి దూరాడు. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలదాకా పోయే పొడవాటి షాఫ్టు, దాని కీళ్ల దగ్గర క్రాసులు, అన్నీ నిగనిగలాడుతున్నాయి.

"గ్రీజు బాగా పట్టించి ఉందమ్మా. కొత్త గ్రీజు..."

మాట పూర్తి కాకముందే అతని గొంతు తగ్గిపోయింది. అమ్మకానికి పెట్టే ముందు బ్రోకర్లు చేయించే పని ఇది. అరిగిన క్రాసుల్లోకి చిక్కటి గ్రీజు కొడితే కొన్నాళ్లు చప్పుడు అణిగి ఉంటుంది. తనూ ఎన్ని బళ్లకు కొట్టలేదు! ఆ తర్వాత ఆ బండి ఎవరెక్కారో ఏనాడూ అడగలేదు.

"తుడిచి చూడు," అంది ఆవిడ.

కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచాడు. గ్రీజు కింద ఎర్రటి తుప్పు పొడి. షాఫ్టును రెండు చేతులా పట్టి మెలితిప్పాడు. అవతలి ముక్క కదలకముందే ఇవతలిది గోరంత తిరిగింది.

"ముందు క్రాసు పోయిందమ్మా. లోపలి బేరింగులు నలిగిపోయాయి."

డ్రైవరు మొహం వాడిపోయింది. "అలాగే నడిపితే?"

"ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది తమ్ముడూ. తెగిన కొన రోడ్డుకి గుచ్చుకుందనుకో, బండిని లేపి పడేస్తుంది. కొండ దిగుడులో ఇంక చెప్పేదేముంది!"

"ఇంకా చూడు," అంది పెద్దావిడ.

"దొరికింది కదమ్మా!"

"టక్‌మన్నది దొరికింది. వణికించేది దొరకలేదు."

మేస్త్రీ ఈసారి విసుక్కోలేదు. వరసగా ఒక్కో కీలూ తుడిచాడు, తిప్పాడు. వెనక క్రాసు గట్టిగానే ఉంది. షాఫ్టును నడిమధ్య పట్టుకుని పైకెత్తేసరికి అది చేతిలోకి లేచి వచ్చింది. షాఫ్టును మధ్యలో మోసే సెంటర్ బేరింగు చుట్టూ ఉండే రబ్బరు చిరిగి నోరు తెరుచుకుని ఉంది.

అతనికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సగం తన మీదే.

"వాడి దుంప తెగ! అమ్మేవాడెవడోగానీ మనిషి పుట్టుక పుట్టలేదమ్మా. నాలుగు ప్రాణాల మీద గ్రీజు పూసి చేతులు దులుపుకుందామనుకున్నాడు!"

డ్రైవరు గట్టిగా దగ్గాడు. "మేస్త్రీ, కాస్త నోరు..."

"అననియ్యి బాబూ," అంది పెద్దావిడ. "ఇంకేమన్నా మిగిలుంటే అనెయ్యి నాయనా."

మిగిలినవీ అనేశాడు మేస్త్రీ. ఆవిడ అన్నీ విని, సంచీలోంచి కాగితం, పెన్ను తీసి ఇచ్చింది.

"ఏం పోయిందో, ఏం మార్చాలో దాచకుండా రాయి. కింద నీ సంతకం పెట్టు."

రాసిన కాగితం డ్రైవరు చేతికిచ్చింది. "చదువు. పైకి చదువు."

అతను చదివాడు. రెండో వాక్యం దగ్గర ఆగి, బండి కిందకి వంగి చూసి, మళ్లీ మొదలుపెట్టాడు.

"ఈ రెండూ కొత్తవి పడేదాకా ఇది కొండెక్కదు. అప్పటిదాకా సంతకాలూ లేవు," అంది ఆవిడ.

"ఇవన్నీ నేను అడగనే లేదు కదా పెద్దమ్మా!"

"నువ్వు అడగలేదు. అందుకే తీసుకొచ్చాను."

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "అదృష్టవంతుడివి తమ్ముడూ, ఇలాంటి మనిషి వెంట ఉంది. ఆ కాగితం తీసుకెళ్లి అమ్మేవాడి మొహాన కొట్టు. ఇంతకీ ఎవడమ్మా వాడు? నేనూ వస్తాను, రెండు మాటలు అడుగుతాను."

డ్రైవరు తల వంచుకున్నాడు. పెద్దావిడ సంచీ భుజానికి తగిలించుకుని లేచి నిలబడింది.

"గ్రీజు కొట్టించింది బ్రోకరు. అమ్మేది నేనే, నాయనా."