గోరింక చెప్పని సంగతి

కొండవాలులో ఉండే దుప్పికి కొడుకు బెంగ పట్టుకుంది. కొమ్ములు మొలుస్తున్న వయసు, పరుగంటే పిచ్చి. మొన్న లోయ అంచున కాలు జారి త్రుటిలో తప్పించుకున్నాడు. అందుకని వాడి వీపు మీద గోరింకను కూర్చోబెట్టి, ఎంత వేగంగా పరిగెత్తాడో సాయంత్రం వచ్చి చెప్పమంది. "ఇక నా గుట్టంతా నీకు చేరవేసేస్తుంది" అని వాడు గింజుకున్నా వినలేదు.

"ఇవాళ వాలులో దూకుడుగానే వెళ్లాడు దుప్పమ్మా, మందలించు," అంది గోరింక.

"సరేగానీ, ఎటు వెళ్లాడు? ఎవరితో తిరిగాడు?"

"నువ్వు చూడమన్నది వేగమే కదా. మిగతాది వాడినే అడుగు."

దుప్పికి ఒళ్లు మండింది. వాగుడుకాయని పేరున్న పిట్ట తన దగ్గరే నోరు మెదపదా! తెల్లారగానే దాన్ని ఆ పనిలోంచి మానిపించేద్దామని బయల్దేరింది. తీరా చూస్తే గోరింక వాలిన చెట్టు కింద తోడేలు! దుప్పి పొదచాటున ఆగిపోయింది.

"ఆ కుర్రాడు రోజూ నీళ్లకు ఏ దారిన వెళ్తాడు పిట్టమ్మా?" అంటోంది తోడేలు తీయగా.

గోరింక రెక్కలు దులుపుకుంది. "వాళ్లమ్మకే చెప్పలేదు. నీకు చెబుతానా?"

తోడేలు మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గోరింక వచ్చి వాలగానే దుప్పి ఒక్కటే అడిగింది.

"ఇవాళ నెమ్మదిగానే వెళ్లాడా, వదినా?"