జీలకర్ర కామాలు

"ఇదేం వాక్యమే? ఆయాసం మనిషి మెట్లెక్కినట్టుంది," అంది టీచరమ్మ.

శిష్యురాలు తల దించుకుంది. పెళ్ళీడుకొచ్చిన కూతురున్న మనిషి, పలక పట్టిన పిల్లలా బిక్కమొహం వేసింది. కాగితం మీద మాటకో కామా ఉంది. ఐ, గో హోమ్, వెన్ ద బెల్, రింగ్స్.

"నువ్వు అలిసిన చోటల్లా కూలబడటానికి కామా ఏమన్నా కుర్చీయా? నీ ఊపిరితో దానికి పనిలేదు. అర్థం ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ పెట్టాలి. ఆ 'వెన్' ముక్కని ముందుకు తెచ్చి మళ్ళీ రాయి."

మళ్ళీ రాసింది. ఈసారి కామా అసలు పెట్టనే లేదు. అటు కాకపోతే ఇటు, మధ్యలో నిలబడటం ఆ మనిషికి చేతకాదు.

టీచరమ్మ కొంగుముడి విప్పింది. అందులో జీలకర్ర ఉంది. పొద్దున వంటింట్లో తాలింపు డబ్బాలోంచి చిటికెడు తీసి దాచింది. ఒక గింజ తీసి 'రింగ్స్' పక్కన పెట్టింది. తోకతో సహా అచ్చం కామాలాగే ఉంది.

పాఠం ఎప్పుడూ ఇంతే. టీచరమ్మ కలం ముట్టుకోదు. శిష్యురాలు వాక్యం రాస్తుంది, తోచిన చోట గింజలు పేరుస్తుంది. తప్పు గింజని టీచరమ్మ గోటితో ఎగరగొడుతుంది. ఎగిరిన గింజ ఒక్కోసారి శిష్యురాలి మొహాన పడేది. పడితే పడిందని తుడుచుకుని, ఇంకో గింజ తీసేది.

తప్పదు మరి. ప్రమోషన్ పరీక్షలో ఇంగ్లీషు రిపోర్టు రాయాలి. మిగతావన్నీ గట్టెక్కినా ఆ పేపరు దగ్గరే ఇప్పటికి రెండుసార్లు బోల్తా పడింది. తన వెనక చేరినవాళ్ళు పైకెళ్ళి, ఇప్పుడు తనకే పనులు పురమాయిస్తున్నారు. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. ఇది కూడా పోతే రిటైరయ్యేదాకా ఇదే వరండాలో కాళ్ళరగదీసుకోవాలి.

తోటివాళ్ళు నవ్వారు. పోయి పోయి ఆ మొండిఘటం దగ్గరా చదువు, ఇంకెవరూ దొరకలేదా అన్నారు. చదువు ఎవరి దగ్గరుంటే వాళ్ళ దగ్గరికే పోవాలని శిష్యురాలు తిప్పికొట్టింది. చెప్పొద్దూ, ఆ మాట విన్న రోజు టీచరమ్మ గింజలు కాస్త మెల్లగా ఎగరగొట్టింది.

పరీక్ష దగ్గర పడ్డాక పెద్దమేడం వచ్చింది. వరండా చివర బల్ల మీద ఇద్దరూ కాగితం మీదికి వంగి ఉన్నారు. శిష్యురాలు దిగ్గున లేచి నిలబడింది. టీచరమ్మ ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు లేచింది.

"ఎందుకమ్మా ఈ తంటా? వచ్చే ప్రశ్నలేవో నేను చెప్తాను. జవాబులు నువ్వే రాసిచ్చెయ్యి, బట్టీ పడుతుంది. కాగితం, కలం నేనే పంపిస్తాను. నీ సంగతి కూడా చూసుకుంటాలే," అంది పెద్దమేడం.

"రాయనండి," అంది టీచరమ్మ.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. మీకంటే పెద్దవాళ్ళకే కాదన్నాను. హెడ్మిస్ట్రెస్ కుర్చీలో ఉన్నప్పుడు మార్కులు పెంచి దిద్దమంటే దిద్దనన్నాను. చివరికి దిద్దింది నేనేనని నా నెత్తినే రుద్దారు. ఇదిగో, ఇప్పుడు ఈ వంటింట్లో గంగాళాలు తోముతున్నాను. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ కాదనే అంటాను."

శిష్యురాలు కాగితం మీది గింజల్ని గబగబా గుప్పిట్లోకి ఊడ్చింది. ఈ మహాతల్లి తన కొంపా ముంచి, నా కొంపా ముంచేట్టుంది అనుకుంది. టీచరమ్మకీ లోపల భయం వేయకపోలేదు. వేసినా నోరు మాత్రం వెనక్కి తగ్గలేదు.

మర్నాటికి వరండాలో బల్ల లేదు.

"బల్ల తీశారు గానీ నేల తీయలేదుగా. కూర్చో," అంది టీచరమ్మ.

నేల మీదే పాఠం సాగింది. గాలికి గింజలు దొర్లిపోతుంటే చేయి అడ్డం పెట్టుకుని మరీ నేర్పింది. పరీక్ష ముందురోజు శిష్యురాలు పేజీడు రాసింది. టీచరమ్మ గోరు పైనుంచి కిందిదాకా వెళ్ళింది. ఎగరగొట్టడానికి ఒక్క గింజా దొరకలేదు. దొరకనందుకు ఆవిడకి కాస్త కోపం కూడా వచ్చినట్టుంది.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఫలితాలు వచ్చాయి. శిష్యురాలు పాసైంది.

సాయంత్రం పరుగున వచ్చి, చుట్టూ జనం చూస్తున్నా లెక్కచేయకుండా వంగి టీచరమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. రేపటి నుంచి తన డ్యూటీ ఆఫీసులో అని, ఇక ఇటువైపు రావడం ఉండదని చెప్పింది.

"మీకేం కావాలో అడగండి టీచరమ్మా. నా చేతిలో ఉన్నదైతే చేస్తాను."

టీచరమ్మకి ఏడుపొచ్చింది. దాన్ని కనబడనిస్తే ఆవిడ టీచరమ్మే కాదు.

"నీ దయ నాకొద్దు. నీ స్థానంలో వచ్చేదాన్ని నా దగ్గరికి పంపు, ఈసారి కాస్త బుర్రున్నదాన్ని. సరే గానీ, ఆ మొదటి వాక్యం చెప్పు, చూద్దాం."

శిష్యురాలు చేతులు కట్టుకుని నిలబడింది. "వెన్ ద బెల్ రింగ్స్," అని కామా దగ్గర ఆగింది. ఎంత గింజుకున్నా మిగతా సగం నోట్లోంచి రాలేదు.

ఇంతలో గంట నిజంగానే మోగింది. టీచరమ్మ కొంగు దులుపుకుని, తల ఎత్తుకుని తన గదిలోకి నడిచింది.

ఆవిడ వెనకే శిష్యురాలు ఊచల తలుపు మూసి, తాళం వేసి, రూలు ప్రకారం ఒకసారి లాగి చూసి, తాళాల గుత్తి నడుముకి తగిలించుకుని, జైలు గేటు దాటి ఇంటికి బయల్దేరింది.