అమ్మ మింగాల్సిన మాత్ర

పొద్దుపోయాక చెల్లెలు ఫోన్ చేసింది.

"కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందక్కా? ఈ ఒక్క రాత్రి అమ్మను నేను చూసుకుంటా."

"నాకేమే, గుండ్రాయిలా ఉన్నా. నువ్వొచ్చి గురక పెడితే నీకూ కాపలా కాయాలి," అని అక్క పెట్టేసింది.

అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చి మూడేళ్లు. నిద్రమాత్ర పడకపోతే రాత్రివేళ లేచి వీధిలోకి వెళ్లిపోతుంది. పోయిన నెల లారీలు తిరిగే రోడ్డు నడిమధ్య దొరికింది. అందుకే అక్క రోజూ ఒక అరచేతిలో అమ్మ నిద్రమాత్ర, రెండో చేతిలో తన బీపీ మాత్ర పట్టుకొస్తుంది.

ఆ రాత్రీ అంతే. ఒకటి అమ్మ నోట్లో వేసి, రెండోది తాను మింగి, మంచం పక్కన చాప మీద వాలింది.

కాసేపటికి నాలుక మీద చేదు తగిలింది. తన మాత్ర ఏనాడూ చేదుగా లేదు. మాత్రలు మారిపోయాయి.

అయ్యో అనుకోవాలి కదా, అనుకోలేదు. ఎవరింట్లోనో జరిగిన సంగతి విన్నట్టుంది. మూడేళ్లుగా ఆపుకున్న నిద్రంతా ఒక్కసారిగా మీద పడింది. పక్కనే ఫోనుంది, వేలు కదల్లేదు.

మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు చాప దాకా వచ్చి ఆగింది. అమ్మ తన దుప్పటి తెచ్చి, కూతురి మెడదాకా కప్పి, నుదురు నిమిరింది.

"ఎంత అలిసిపోయావే చిట్టితల్లీ! పడుకో. తలుపు నేనేసుకుని వెళ్తాలే."

మూడేళ్లలో అమ్మ ఆమెను గుర్తుపట్టడం అదే మొదలు.

గడియ తీసిన చప్పుడైంది. తరవాత, బయటి నుంచి తలుపు మెల్లగా దగ్గరికేసిన చప్పుడు. ఆ పైన ఏమీ లేదు.

దుప్పటి వెచ్చగా ఉంది.