తాళాలు నేనే ఇచ్చాను

చేపల పులుసు గిన్నె అడుగు మాడింది. నిఖిల పీచు పెట్టి రుద్దుతూనే ఉంది. నలుపు వదలడం లేదు, నీచు వాసన అసలే వదలడం లేదు.

కెనడాలోని లండన్‌లో చదువుకోవడానికి వచ్చి ఈ ఇంటి బేస్‌మెంటులో అద్దెకు దిగి ఏడాది కావస్తోంది. పైకి భోజనానికి రమ్మనడం ఇదే మొదటిసారి. ఎందుకు పిలిచారో రెండో ముద్దకే తెలిసింది. ఇంటి యజమాని ఆంజనేయప్రసాద్ నిన్న సాయంత్రం పార్కింగులో ఆగి ఉన్న కారును గుద్దాడు. అందులో కూర్చున్న ముసలావిడ మెడ పట్టేసి ఆసుపత్రిలో ఉంది. అతను దిగి చూడనైనా చూడకుండా ఇంటికొచ్చేశాడు. ఎవరో అతని కారు నంబరు ప్లేటు ఫొటో తీశారు.

ఆ కారు నడిపింది నిఖిల అని చెప్పాలట.

అతను ఇంకా తింటూనే ఉన్నాడు. ముళ్లు ఏరి టేబుల్ మీదే కుప్ప పోస్తూ పాఠం చెబుతున్నాడు. ఒంటారియోలో ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కకూడదు. తనకు ఇప్పటికే రెండు ట్రాఫిక్ టికెట్లు పడ్డాయి. ఇదీ పడితే ఇన్సూరెన్సు కంపెనీ వదిలించుకుంటుంది, ఇంకే కంపెనీ దగ్గరికి రానివ్వదు.

“నీ పేరు పాలసీలో లేకపోయినా పర్లేదమ్మా. ఓనరు ఒప్పుకుని తాళాలిస్తే చాలు, కవరవుతుంది. లైసెన్సు లేనివాళ్లకిస్తేనే మునిగేది.”

“గుద్ది వచ్చేస్తే పోలీసు కేసు కదా అంకుల్. రేపు నేనిక్కడ ఉండిపోవడానికి పీఆర్...”

“స్టూడెంటువి. భయపడ్డానని కాస్త ఏడువు, వదిలేస్తారు.”

ఇక మీదట బేస్‌మెంటులో హీటింగ్ తగ్గించనని అతని భార్య శ్యామల మాటిచ్చింది. తగ్గిస్తున్నది తనేనని ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు.

“ఆవిడకి ఎలా ఉంది అంకుల్?”

“ఎవరికి?” అన్నాడు అతను. నిజంగానే అర్థం కాలేదు.

నిఖిల పీచు పక్కన పెట్టి ఇటు తిరిగింది. చెప్పాల్సింది చెప్పాలని నోరు తెరిచింది.

“అంకుల్, నా లైసెన్సు...”

“ఉందిగా. మొన్న పరీక్ష పాసయ్యానని కోవా తెచ్చిచ్చావు.”

“మొత్తం డబ్బా ఈయనే తిన్నారు,” అంది శ్యామల నవ్వుతూ. “లైసెన్సు పెట్టుకుని ఇంకా ఆ బస్సుల కోసం చలిలో నిలబడతావేంటే?”

“అది కాదు ఆంటీ...”

“ఇంక మాట్లాడకు. నేను చెప్పినదానికి ఊకొట్టు చాలు,” అన్నాడు ఆంజనేయప్రసాద్.

నిఖిల మళ్లీ గిన్నె వైపు తిరిగింది.

అతను ఎడమ చేత్తో కంపెనీకి ఫోన్ చేశాడు. కుడిచేయి ఎంగిలి కాబట్టి స్పీకర్ పెట్టాడు. అవతలి ఆమె సంభాషణ రికార్డవుతోందని ముందే చెప్పింది. ఇంగ్లీషులో అతని గొంతు తేనెలా మారింది.

“నేను ఇంట్లో పడుకున్నాను మేడమ్. మా బేస్‌మెంటులో ఉండే అమ్మాయి ఒక్కతే తీసుకెళ్లింది. కారులో ఇంకెవరూ లేరు. తాళాలు నేనే ఇచ్చాను.”

“ఖచ్చితంగానా?”

“అక్షరాలా.”

ఆమె డ్రైవరు లైసెన్సు నంబరు అడిగింది. అతను నిఖిల వైపు చిటికె వేశాడు. నిఖిల చేతులు తుడుచుకుని, పర్సులోంచి కార్డు తీసి అతని ముందు పెట్టింది. అతను నంబరు మాత్రం చదివి, పులుసు వేలితో దాన్ని వెనక్కి నెట్టాడు. నిఖిల దాన్ని కుళాయి కింద కడిగి, తుడిచి, పర్సులో పెట్టుకుంది. కోటు తొడుక్కుంది. బూట్లు వేసుకుంది. నీతో మాట్లాడతారు, ఉండమని అతను సైగ చేస్తూనే ఉన్నాడు. ఆమె తలుపు తీసి బయటికి నడిచింది.

తలుపు మూసుకునేలోపు స్పీకర్లో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

“సార్, ఈ అమ్మాయి ఒక్కతే బండి నడపకూడదు. ఇంకా లెర్నరే.”