ఊలు ముక్క ఆగినప్పుడు

తన్మయి నాన్న చొక్కా అంచు పట్టి చటుక్కున లాగింది. రామ్మోహన్ గాలం కర్ర పైకెత్తాడు. ఆలస్యమైంది. దారం ఖాళీగా లేచి వచ్చింది.

"ఏమయ్యా, చేతికొచ్చిన ట్రౌట్ చేపని వదిలేశావ్! ఊలు ముక్క టక్కున ఆగిందిగా?" ఒడ్డున మడత కుర్చీలోంచి జనార్దనరావు నవ్వాడు.

"ఎండ కళ్లలో కొట్టింది సార్."

ఆకాశమంతా మబ్బు. తన్మయి ఓరగా కుర్చీ వైపు చూసింది.

పురుగులా ఈకలతో కట్టిన గాలం నీళ్లడుగున పోతుంది, ఎవరికీ కనపడదు. దారానికి కట్టి పైన తేలే ఎర్ర ఊలు ముక్క ఆగిందంటే చేప కరిచినట్టే, ఆ క్షణంలోనే కర్ర లాగాలి. ఆ ఎర్ర ముక్క నాన్నకి కనపడదు. ఆర్నెల్లుగా ఆఫీసులో స్క్రీన్ మీద అక్షరాల్ని గోరంత నుంచి కొండంత చేసుకుని నెట్టుకొస్తున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచిపోయింది, దాని పనీ అయిపోయింది. జనవరి నెలాఖరుకి టీమ్‌లో సగం మంది ఇంటికే. ఉద్యోగంతో పాటే అమెరికా వీసా కూడా పోతుంది. ఎవరిని ఉంచాలో తేల్చేది ఆ కుర్చీలో ఉన్న అంకులే.

"ఇంకాస్త ముందు లాగమ్మా," రామ్మోహన్ గొణిగాడు.

"అంకుల్ చూస్తున్నారు నాన్నా."

"చూడనీ. నీళ్లంటే నీకు భయమని చెప్పాన్లే. పట్టుకునే ఉండు."

మోకాలి లోతున ఏటి నీళ్లు మంచులా ఉన్నాయి. కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. తన్మయి రెప్ప వేయలేదు. ఎర్ర ముక్క వచ్చింది, వచ్చింది... ఆగింది. చొక్కా లాగింది.

కర్ర విల్లులా వంగింది. కాసేపటికి చుక్కల ట్రౌట్ వలలో కొట్టుకుంటోంది.

"శభాష్! డేగ చూపయ్యా నీది!" జనార్దనరావు చప్పట్లు కొట్టాడు. "అమ్మాయ్, కార్లో టీ ఫ్లాస్కుంది, తెచ్చిపెట్టు తల్లీ."

తడికాళ్లతోనే పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి నాన్న చేతిలో ఏదో కాగితం.

"నీ ఉద్యోగానికి రెండేళ్ల ఎక్స్‌టెన్షన్. తొందరేం లేదు, కండిషన్లన్నీ నిదానంగా చదువుకో," అంటున్నాడు జనార్దనరావు.

రామ్మోహన్ కళ్లు ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి కదిలాయి. కిందిదాకా వచ్చి తలూపాడు.

"అన్నీ బావున్నాయి సార్. ఈ మేలు మర్చిపోను. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

తన్మయి ఆశగా నాన్న భుజం మీంచి తొంగి చూసింది.

కాగితం మీద ఒక్క అక్షరం కూడా లేదు.